పది సెంట్ల బొమ్మల పుస్తకానికి కోట్లెందుకు?

1938 ఏప్రిల్‌లో అమెరికా పత్రికల దుకాణాల్లోకి ఒక కొత్త బొమ్మల పుస్తకం వచ్చింది. పేరు ‘యాక్షన్ కామిక్స్’, సంచిక 1. అట్ట మీద నీలం దుస్తులు, ఎర్రటి వల్లెవాటు వేసుకున్న కండల వీరుడొకడు పచ్చ కారును నెత్తికెత్తి బండరాయికేసి బాదుతుంటాడు. ముందు వైపు ఇంకొకడు తల పట్టుకుని పరుగెడుతుంటాడు. వెల పది సెంట్లు. ఆనాటి మారకంలో మన నాలుగణాల పైన కాస్త. ఆ సంచిక కాపీ ఒకటి 2026 జనవరిలో కోటిన్నర డాలర్లకు చేతులు మారింది. మన డబ్బులో సుమారు 135 కోట్లు.

ఆ వార్త చదివినవాళ్లకు ‘వీళ్లకు మతి పోయిందా?’ అనిపిస్తే తప్పు లేదు. లోపల ఉన్నవి పిల్లల కథలు. కాగితం నాసిరకం న్యూస్‌ప్రింట్. పైగా అదే సూపర్‌మ్యాన్ కథ కొత్త అచ్చులో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. అక్షరం తేడా ఉండదు, బొమ్మ తేడా ఉండదు. మరి ఆ 135 కోట్లు దేనికి పెట్టినట్టు?

‘పాతది కదా’ అంటారు చాలామంది. వయసే ధర తెచ్చేదైతే, అంతకు వందేళ్ల ముందు అచ్చయిన మతగ్రంథాలూ, వ్యాకరణాలూ ఇంకా పెద్ద ధర పలకాలి. లండన్‌లోనైనా న్యూయార్క్‌లోనైనా పాత పుస్తకాల షాపుల్లో అవి భోజనం ఖరీదుకి దొరుకుతాయి. ‘అరుదు కదా’ అని ఇంకొందరు. అదీ సగం జవాబే. 1940లలో పుట్టి నాలుగు సంచికలకే మూతబడ్డ కామిక్స్ ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మిగిలిన కాపీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అయినా అడిగే నాథుడు లేడు. మరోవైపు స్పైడర్‌మ్యాన్ మొదట కనిపించిన ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచిక కాపీలు ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి. అరుదు అనడానికే లేదు. కానీ 2021 సెప్టెంబర్‌లో దాని మేలైన కాపీ ఒకటి 36 లక్షల డాలర్లు పలికింది.

కాబట్టి ఒక్క కారణంతో ఈ లెక్క తేలదు. నాలుగైదు కారణాలు ఒకే పుస్తకం మీద కలిసినప్పుడే ఇలాంటి ధర పుడుతుంది. ఒక్కటి తగ్గినా కోట్లు కాస్తా వేలల్లోకి జారతాయి.

మొదటిసారి కనిపించిన చోటు

అన్నింటికన్నా బలమైనది ఇదే. ఒక పాత్ర లోకానికి మొదటిసారి కనిపించిన సంచికను సేకర్తలు ‘కీ ఇష్యూ’ అంటారు. ఆ పాత్ర ఎంత పెద్దదైతే ఆ సంచిక అంత ప్రియం. సూపర్‌మ్యాన్‌కి యాక్షన్ కామిక్స్ 1, బ్యాట్‌మ్యాన్‌కి 1939 నాటి డిటెక్టివ్ కామిక్స్ 27, స్పైడర్‌మ్యాన్‌కి 1962 నాటి అమేజింగ్ ఫాంటసీ 15. ఆ తర్వాతి నెల సంచికలో కథ ఇంకా బాగుండొచ్చు, బొమ్మలు ఇంకా అందంగా ఉండొచ్చు. ధరలో మాత్రం దానికీ దీనికీ ఏనుగుకీ దోమకీ ఉన్న తేడా.

ఇందులో అసలు కిటుకు, ఆ రోజున అది గొప్ప సంచిక అవుతుందని ఎవరికీ తెలియకపోవడం. క్లీవ్‌ల్యాండ్‌లో కలిసి చదువుకున్న జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్‌ని పట్టుకుని ఏళ్ల తరబడి పత్రికా సిండికేట్ల చుట్టూ తిరిగారు. అందరూ తిప్పి పంపారు. చివరికి పదమూడు పేజీల కథకు, పేజీకి పది డాలర్ల చొప్పున 130 డాలర్లు పుచ్చుకుని పాత్ర మీది హక్కులన్నీ రాసిచ్చేశారు. ప్రచురణకర్త హ్యారీ డోనెన్‌ఫెల్డ్‌కి ఆ కారు ఎత్తే అట్ట చూడగానే నవ్వులాటగా తోచిందట. మనిషి కారు ఎత్తడమేమిటి, ఎవరు నమ్ముతారు అని. అందుకే తర్వాతి అయిదు సంచికల అట్టల మీద సూపర్‌మ్యాన్ లేడు. అమ్మకాల లెక్కలు వచ్చి, పిల్లలు ‘సూపర్‌మ్యాన్ ఉన్న పుస్తకం’ అని అడిగి మరీ కొంటున్నారని తేలాక ఏడో సంచిక అట్టకి తిరిగొచ్చాడు.

స్పైడర్‌మ్యాన్ సంగతీ ఇంతే. సాలెపురుగు అంటే జనానికి అసహ్యం, ఎవరూ కొనరని ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్ అన్నాడని కథ రాసిన స్టాన్ లీ చెప్పుకునేవాడు. ఎలాగూ మూసేయబోతున్న పత్రిక, దాని ఆఖరి సంచికలో ఏం వేస్తే ఏం పోయింది అనుకుని స్టీవ్ డిట్కో గీసిన ఆ కథ వేశారు. అలా ఒక పత్రిక చావు సంచిక ప్రపంచమంతా తెలిసిన పాత్రకి పుట్టుక సంచిక అయింది.

ఏ నెలకానెల చదివి అవతల పారేసే పుస్తకమే నలభై ఏళ్ల తర్వాత సినిమాల మూలంగా, బొమ్మల మూలంగా, టీషర్టుల మూలంగా ఒక పెద్ద సామ్రాజ్యానికి మొదటి రాయి అని తేలుతుంది. కొనేవాడు డబ్బు పెడుతున్నది కథకి కాదు, ఆ మొదటి రాయికి.

సూపర్‌మ్యాన్‌కి ఆ రాయి పేర్చిన సీగెల్, షూస్టర్‌లకు ఏం దక్కిందో కూడా ఇక్కడే చెప్పాలి. దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. సూపర్‌మ్యాన్ మొదటి పెద్ద సినిమా తయారవుతున్న రోజుల్లో, 1975లో, పత్రికల్లో గొడవ అయ్యాక, అప్పటికి పాత్ర హక్కులున్న వార్నర్ సంస్థ ఏడాదికి 20 వేల డాలర్ల చొప్పున పింఛను ఇవ్వడానికి ఒప్పుకుంది. పాత్ర సృష్టికర్తలుగా వాళ్ల పేర్లు మళ్లీ వేయడానికీ ఒప్పుకుంది. వాళ్లకి ఆనాడు ముట్టిన చెక్కు, అంటే ఆ 130 డాలర్లు కూడా కలిపి మొత్తం 412 డాలర్లకు రాసిన కాగితం, 2012లో వేలానికి వచ్చి లక్షా 60 వేల డాలర్లు తెచ్చింది. దాని మీద ఇద్దరి పేర్లూ తప్పుగానే పడ్డాయి.

రెండు లక్షలు అచ్చయితే వంద మిగలడమేమిటి?

యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక రెండు లక్షల కాపీలు వేశారని చెబుతారు. ఈ రోజు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి ఓ వంద ఉంటాయని అంచనా. మిగతావి ఏమైపోయాయి?

పిల్లలు చదివారు. అదే పెద్ద కారణం. లాగు వెనక జేబులో చుట్టచుట్టి పెట్టుకున్నారు, అట్ట చించి గోడకి అంటించారు, స్నేహితుడి పుస్తకంతో మార్చుకున్నారు. అమ్ముడుపోని కాపీలకు దుకాణదారు డబ్బు వెనక్కి తీసుకోవాలంటే పుస్తకం మొత్తం పంపనక్కర్లేదు, అట్టపై పేరున్న ముక్క చించి పంపితే చాలు. మిగతాది చిత్తుకాగితాల్లోకి పోయేది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. అమెరికా యుద్ధంలో దిగాక పాత కాగితం పోగేసి ప్రభుత్వానికి ఇవ్వడం దేశభక్తి. ఇంటింటికీ తిరిగి ఆ కాగితం పోగేసింది ఎక్కువగా బడిపిల్లలే. తమ కామిక్స్‌ని తామే కట్టలు కట్టి తూకానికి ఇచ్చేశారు.

యుద్ధం అయ్యాక ఇంకో గండం. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయన్న గోల లేచింది. 1948లో న్యూయార్క్ రాష్ట్రం బింగమ్‌టన్ లాంటి చోట్ల వాటిని కుప్పపోసి తగలబెట్టారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్లే బాలనేరాలు పెరుగుతున్నాయంటూ ఒక పుస్తకం రాశాడు. ఆ ఏడే ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ‘కామిక్స్ కోడ్’ అనే కత్తెర పెట్టుకున్నారు. అబ్బాయి కాలేజీకో సైన్యానికో వెళ్లగానే వాడి మంచం కింద పెట్టె ఖాళీ చేసిన తల్లులకు లెక్కే లేదు. అమెరికాలో ‘మా అమ్మ నా కామిక్స్ పారేసింది’ అనే మాట ఒక తరమంతా చెప్పుకున్న గోడు.

ఇంత తప్పించుకున్న కాపీకి కూడా శత్రువు దాని ఒంట్లోనే ఉంది. న్యూస్‌ప్రింట్ అంటే చెక్కను నూరి చేసిన చవక కాగితం. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థాన్ని తీసేయకుండా అలాగే వదిలేస్తారు. వెలుతురు, గాలి తగిలితే అది పసుపుకి తిరుగుతుంది. కాగితంలో ఆమ్లం ఊరి, పోగులు తెగి, అంచులు అప్పడంలా విరుగుతాయి. మధ్యలో కొట్టిన ఇనుప పిన్నులు తేమ తగిలి తుప్పు పడతాయి. ఆ తుప్పు చుట్టూ కాగితానికి పాకుతుంది. ఎనభై ఏళ్లకు పైగా ఇవన్నీ తట్టుకుని తెల్లటి పేజీలతో నిలిచిన పుస్తకం ఉందంటే అది ఎవరి తెలివి వల్లా కాదు. ఎక్కువసార్లు మరుపు వల్లే. 2010లో 15 లక్షల డాలర్లు పలికిన ఒక యాక్షన్ 1 కాపీ అలా బతికింది పాత సినిమా పత్రికల మధ్య ఇరుక్కుని ఉండిపోవడం వల్ల. 2025 నవంబర్‌లో 91 లక్షల 20 వేల డాలర్లకు పోయి అప్పటికి రికార్డు సృష్టించిన ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచిక, కాలిఫోర్నియాలో ఒక తల్లి పోయాక ముగ్గురు కొడుకులు అటక సర్దుతుంటే పాత వార్తాపత్రికల కింద అట్టపెట్టెలో దొరికింది.

ఈ మరుపు కథలన్నింటిలోకీ పెద్దది 1977 నాటిది. కొలరాడోలో ఎడ్గర్ చర్చ్ అనే వాణిజ్య చిత్రకారుడు దశాబ్దాల పాటు బొమ్మల పనికి పనికొస్తాయని కామిక్స్ కొని, కొన్నవి కొన్నట్టే చీకటి గదిలో ఒకదాని మీద ఒకటి నిలువెత్తు దొంతరలుగా పేర్చాడు. ఇంటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తుంటే కబురు అందుకుని వెళ్లిన చక్ రొజాన్‌స్కీ అనే కుర్ర వ్యాపారి ముందు సుమారు పద్దెనిమిది వేల కామిక్స్ ఉన్నాయి. ఆ ప్రాంతపు గాలి పొడి. గదిలోకి ఎండ రాదు. పైనున్న బరువుకి పుస్తకాలు ఒకదాన్నొకటి అదిమి పెట్టి, లోపలికి గాలి చొరబడలేదు. మొన్న అచ్చయినట్టున్నాయి రంగులు. ఈ రోజుకీ ఆ సేకరణలోదని తెలిపే ‘మైల్ హై’ కాపీ అన్న పేరు చూస్తే చాలు, అదే సంచికకి మామూలు ధర కన్నా ఎన్నో రెట్లు పెట్టేవాళ్లున్నారు.

అర మార్కు విలువ

ఇక స్థితి సంగతి. కొత్తవాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. అయినా డబ్బంతా ఇక్కడే ఉంది.

కామిక్స్ స్థితిని 0.5 నుంచి 10 దాకా అంకెలతో కొలుస్తారు. 10 అంటే అచ్చుయంత్రం నుంచి అప్పుడే దిగినట్టు. 1930ల పుస్తకానికి 8 వస్తే అదే అద్భుతం. పైన చెప్పిన 2010లోనే ఫిబ్రవరిలో యాక్షన్ 1 కాపీ ఒకటి, గ్రేడు 8.0, పది లక్షల డాలర్లకు అమ్ముడైంది. నెల తిరిగేసరికి ఇంకో కాపీ, గ్రేడు 8.5, పదిహేను లక్షలకు పోయింది. అదే పుస్తకం, అదే నెల అచ్చు. అర మార్కు తేడాకి అయిదు లక్షల డాలర్లు!

గ్రేడు వేసేవాళ్లు ఏం చూస్తారో దగ్గరగా చూద్దాం. పుస్తకాన్ని మెత్తటి బల్ల మీద పరిచి ముందు వెన్ను చూస్తారు. అట్ట తెరిచి మూసిన చోటల్లా వెన్ను మీద సన్నటి అడ్డగీతలు పడతాయి. గీత దగ్గర రంగు లేచి తెల్లగా కనబడిందా, ఒక మెట్టు దిగినట్టే. తర్వాత మూలలు: మొనదేలి ఉన్నాయా, గుండ్రమయ్యాయా? పిన్నుల చుట్టూ తుప్పు మరక, మధ్య కాగితం పిన్ను నుంచి ఊడిందా లేదా, పోస్టులో మడిచి పంపినప్పుడు నిలువునా పడ్డ మడత, దుకాణదారు కొట్టిన తేదీ ముద్ర, పిల్లాడు పెన్సిల్‌తో రాసుకున్న పేరు, అన్నీ లెక్కలోకి వస్తాయి. పేజీల రంగుకి వేరే మాట: తెలుపు, కాస్త మాసిన తెలుపు, మీగడ రంగు, అలా పెళుసు దాకా. స్పైడర్‌మ్యాన్‌ని వేసిన మార్వెల్ సంస్థ 1960ల తొలినాళ్ల పుస్తకాలకు ఇంకో చిక్కుంది. అచ్చాఫీసులో కాగితం కోసే కత్తి మొద్దుబారి ఉండేది. దాంతో అట్ట కుడి అంచున చిన్న చిన్న పెచ్చులు ఊడిపోయేవి. కొనకముందే, చదవకముందే పుస్తకం దెబ్బతిని వచ్చేదన్నమాట. అంచు తిన్నగా ఉన్న అమేజింగ్ ఫాంటసీ 15 అంత ప్రియం కావడానికి ఆ మొద్దుకత్తి కూడా ఒక కారణం.

లోపల ఏదైనా తగ్గిందేమో అని పేజీలు లెక్కపెట్టడం ఇంకో పని. 1974 నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181లో వుల్వరీన్ అనే పాత్ర మొదటిసారి పూర్తిగా కనిపిస్తాడు. అంతకు ముందు సంచిక చివర ఒక్క బొమ్మలో మాత్రం తొంగిచూస్తాడు. ఆ రోజుల్లో మార్వెల్ వాళ్లు ఉత్తరాల పేజీలో పోస్టల్ స్టాంపులా ఒక బొమ్మ వేసి, కత్తిరించి పుస్తకంలో అంటించుకోండి అని పిల్లలకు చెప్పేవారు. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు! ఈ రోజు ఆ గోరంత బొమ్మ లేని 181 ధర, ఉన్నదాని ముందు చాలా చిన్నబోతుంది. అట్ట అద్దంలా ఉన్నా సరే.

మిన్నెసోటాలో 2013లో జరిగిన ఉదంతం ఇంకా ముచ్చటైనది. ఒకాయన పదివేల డాలర్ల చిల్లరకి పాడుబడ్డ ఇల్లు కొని గోడ కొట్టిస్తుంటే, చలి ఆపడానికి లోపల కూరిన పాత కాగితాల్లో యాక్షన్ 1 దొరికింది. చూద్దాం ఇటివ్వమని చుట్టం ఒకరు చెయ్యి వేశారు. ఆ గుంజులాటలో వెనక అట్ట చిరిగింది. గ్రేడు 1.5కి పడిపోయింది. అయినా లక్షా 75 వేల డాలర్లు వచ్చాయి. ఆ చిరుగు ఖరీదు 75 వేల డాలర్లని అప్పట్లో లెక్క కట్టారు.

నమ్మకం ఎలా కుదిరింది?

ఇంత సూక్ష్మమైన తేడాలకు ఇంత డబ్బు పెట్టాలంటే కొనేవాడికి భరోసా ఉండాలి. మొదట్లో అది లేదు. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే సేకర్త కామిక్స్ ధరల పుస్తకం ఒకటి వేశాడు. ఏడాదికొకటి చొప్పున అది ఇప్పటికీ వస్తూనే ఉంది. ఫలానా సంచిక ఫలానా స్థితిలో ఇంత అని అచ్చులో కనిపించేసరికి బేరానికి ఒక ఆధారం దొరికింది. అయినా ‘ఇది మేలైన కాపీ’ అన్నది అమ్మేవాడి మాటే. 2000లో సీజీసీ అనే సంస్థ మొదలై, ఇటు కొనేవాడు అటు అమ్మేవాడు కాని మూడో మనిషిగా గ్రేడు వేయడం ప్రారంభించింది. పరీక్షించిన పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తారు, పైన అంకె రాస్తారు. మన బంగారానికి హాల్‌మార్క్ వచ్చాక కొనేవాడి బెంగ ఎలా తగ్గిందో, ఇక్కడా అంతే జరిగింది. పుస్తకాన్ని కళ్లతో చూడకుండానే ఫోన్లో కోటి రూపాయల పాట పాడే ధైర్యం వచ్చింది. ఆ తర్వాతే ధరలకు రెక్కలు మొలిచాయి.

ఆ పెట్టె తెరిస్తే సీలు పోతుంది, గ్రేడూ పోతుంది. కాబట్టి కోట్లు పెట్టి కొన్న పుస్తకాన్ని కొన్నవాడు చదవలేడు. నాకు ఇది కాస్త విడ్డూరంగానే అనిపిస్తుంది.

పెట్టె మీది కాగితం రంగుకీ అర్థముంది. నీలం అయితే పుస్తకం ఎలా పుట్టిందో అలాగే ఉందని. ఊదా రంగైతే మరమ్మతు జరిగిందని. పోయిన చోట రంగు అద్దడం, చిరిగిన చోట కాగితం అతకడం, అంచు నున్నగా కోయడం, ఇవన్నీ మరమ్మతే. చూపుకి బాగుపడ్డ పుస్తకం ధరలో సగానికీ అంతకన్నా కిందికీ పడిపోతుంది. ముడతలున్న ముసలి పుస్తకాన్ని ఒప్పుకుంటారు గానీ, రంగేసుకుని కుర్రదనం నటించేదాన్ని ఈ సంత ఒప్పుకోదు.

కొనేది ఎవరు?

1938లో పదేళ్ల పిల్లాడు 1970లకి నలభై దాటిన ఉద్యోగస్థుడు, వ్యాపారి. చిన్నప్పుడు పోగొట్టుకున్నది మళ్లీ కొనుక్కోవాలన్న కోరిక, కొనగల జీతం రెండూ ఒకేసారి వచ్చాయి. 1973లో ఒక కుర్రాడు యాక్షన్ 1 కోసం 1,800 డాలర్ల పైచిలుకు పెట్టాడని తెలిసి జనం ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత తరం పిల్లలది స్పైడర్‌మ్యాన్, హల్క్. వాళ్లు నలభైల్లోకి వచ్చేసరికి వాటి వంతు. ధరల అల కూడా తరాల వెనకే నడిచింది. మధ్యలో సినిమాలు తోడయ్యాయి. 2008లో ‘ఐరన్ మ్యాన్’ వచ్చాక ఏ పాత్రకి సినిమా రాబోతోందని పుకారు పుట్టినా దాని మొదటి సంచిక ధర కదిలేది. ఆ వేడి సినిమా వెళ్లిపోయాక చల్లారడమూ మామూలే.

ఇక కోట్లు పెట్టేవాళ్లలో చిన్ననాటి ప్రేమ కోసం కొనేవాళ్లూ ఉన్నారు, పెయింటింగుల్లాగా వీటిని కూడా ఒక పెట్టుబడి అనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి పుస్తకంతో పాటు దాని చరిత్ర కూడా కావాలి. ఎవరి చేతుల్లో ఉండేది, ఎక్కడ దొరికింది? మొదట్లో చెప్పిన 135 కోట్ల కాపీ ఒకప్పుడు నటుడు నికోలస్ కేజ్‌ది. 1990లలో ఆయన దాన్ని లక్షన్నర డాలర్లకు కొన్నాడు. 2000లో ఇంట్లోంచి దొంగలు ఎత్తుకుపోయారు. 2011లో లాస్ ఏంజలెస్ దగ్గర, సామాన్లు దాచుకునే అద్దె గదిలో బయటపడింది. అదే ఏడు 21 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడైంది. పదకొండేళ్లు కనిపించకుండా పోయిన ఈ కథ కూడా ధరలో కలిసే ఉంటుంది.

ఇలా చెబుతుంటే కామిక్స్ కొని దాచుకుంటే చాలు, కోటీశ్వరులమే అనిపిస్తుంది. 1990ల మొదట్లో అమెరికాలో లక్షలమంది అదే అనుకున్నారు. 1991లో మార్వెల్ వాళ్లు ‘ఎక్స్-మెన్’ 1 అని కొత్తగా వేస్తే 80 లక్షల కాపీలు దాటింది. 1992 నవంబర్‌లో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచిక, ‘సూపర్‌మ్యాన్’ 75, నల్ల కవరులో సంతాప పట్టీతో సహా వచ్చింది. 60 లక్షలకు పైగా అమ్ముడైంది. జనం ఒక్కొక్కరు మూడేసి, నాలుగేసి కొని, కవరు విప్పకుండా బీరువాల్లో పెట్టారు, పిల్లల చదువులకి పనికొస్తుందని. ఈ రోజు వాటిలో మామూలు కాపీకి చెప్పుకోదగ్గ ధర రావడమే గగనం. లక్షలమంది జాగ్రత్తగా దాచిన వస్తువుకి ఎవరు ఎక్కువ ఇస్తారు? ఆ బుడగ పేలి దుకాణాలు వేలల్లో మూతపడ్డాయి. మార్వెల్ సంస్థే 1996 డిసెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది.

ఎందుకు అన్న ప్రశ్నకి నాకు తోచిన గట్టి జవాబు ఈ పోలికలోనే ఉంది. విలువైనదని తెలిసి దాచినది విలువైనది కాలేదు. విలువ లేదని అందరూ పారేసినదే అయింది. 1938 నాటి అమ్మానాన్నలు దూరదృష్టితో ఆ పుస్తకాలు దాచి ఉంటే ఈ రోజు ఈ వ్యాసానికి అవసరమే లేదు.

మన ఇళ్లలో ఉన్నవాటికి?

అటక మీద పాత ‘చందమామ’లున్నాయి, వాటికీ లక్షలొస్తాయా అని అడుగుతారు. 1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికల మీద మనవాళ్లకున్న మమకారం తక్కువేమీ కాదు. కానీ పైన చెప్పిన మిగతా సరంజామా, అంటే అందరూ ఒప్పుకునే ధరల పుస్తకం, గ్రేడు వేసే మూడో మనిషి, నెలనెలా పాటలు పెట్టే వేలం సంస్థ, ఇవేవీ ఇక్కడ పుట్టలేదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర బేరం మనిషికీ మనిషికీ మధ్యే సాగుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మనవాళ్లు పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించారు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరుసగా పేర్చి కుట్టించారు. బైండరు దారం పోసి, మూడు వైపులా అంచులు కోసి, పైన గట్టి అట్ట వేసి ఇచ్చేవాడు. అమెరికా సేకర్త లెక్కలో అది పుస్తకాన్ని నాశనం చేయడం కిందే లెక్క. మన లెక్కలో అది మనవళ్లు చదువుకునేదాకా బతికించుకోవడం. ధర సంగతి పక్కన పెడితే నా ఓటు బైండుకే.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు గరాజ్ సేల్స్‌లో, ఎస్టేట్ సేల్స్‌లో పాత కామిక్స్ ఎదురవుతుంటాయి. వాళ్లకు రెండు మాటలు. పాతవి దొరికితే టేపు అంటించకండి, తుడవకండి, ఇస్త్రీ చేయకండి, లామినేషన్ జోలికి అసలే పోకండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి తెలిసినవాళ్లకి చూపించండి. రెండోది, 1974లో సూపర్‌మ్యాన్ ప్రచురణకర్తలైన డీసీ సంస్థే యాక్షన్ 1ని పెద్ద సైజులో మళ్లీ అచ్చు వేసింది. పైన ఇది పునర్ముద్రణ అని తెలిపే ఇంకో అట్ట ఉండేది. అది చించేస్తే లోపలిది పది సెంట్ల వెలతో, 1938 తేదీతో అచ్చం అసలు సంచికలాగే కనిపిస్తుంది. ఎన్నో ఇళ్లలో సంబరాలు చేయించిన పుస్తకం అది. స్కేలు పెట్టి కొలవండి: అసలుది సుమారు పదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. పదమూడు అంగుళాలు దాటితే అది 1974ది.

కథ చదవాలన్న ముచ్చట మాత్రమే ఉన్నవాళ్లు ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు, పునర్ముద్రణలు ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నాయి. పైగా అమెరికా చట్టం ప్రకారం 1938 నాటి ప్రచురణలకు 95 ఏళ్ల కాపీరైటు తీరిపోయి, 2034 జనవరి 1 నుంచి యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలోని సూపర్‌మ్యాన్ కథని అక్కడ ఎవరైనా ఉచితంగా అచ్చు వేసుకోవచ్చు.